పాప ఆరో పుట్టినరోజు: ఇంట్లో చేద్దామా, హాల్ ప్యాకేజీనా? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

బైరాగిపట్టెడ అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్తే. సంక్రాంతి అయిన వారానికి మా పాపకి ఆరేళ్ళు నిండుతాయి. అపార్ట్‌మెంట్ పిల్లలు, క్లాసు పిల్లలు కలిపి 25 మంది దాకా వస్తారు, పెద్దవాళ్ళు ఇంకో 15 మంది. దగ్గర్లోనే ఒక హాల్ వాళ్ళు ప్యాకేజీ చెప్పారు. బెలూన్ల డెకరేషన్, రెండు కేజీల కేకు, నూడుల్స్, గోబీ మంచూరియా, ఫ్రెంచ్ ఫ్రైస్, పిజ్జా ముక్కలు, పీచుమిఠాయి బండి, నోట్లో వేసుకుంటే పొగ వచ్చే బిస్కెట్లు. మా ఆయన సరే అన్నారు. అడ్వాన్స్ మాత్రం ఇంకా కట్టలేదు.

మా అత్త పాకాల నుంచి వస్తున్నారు. ఫోన్‌లో ఒకటే మాట అన్నారు: "బిడ్డ పుట్టినరోజున ఇంట్లో పొయ్యి వెలిగించకుంటే ఎట్లమ్మా?" అప్పట్నుంచీ నా ఆలోచన అంతా దాని మీదే.

నేను పుట్టి పెరిగింది చిత్తూరులో. మాకు పుట్టినరోజంటే పొద్దున్నే తలంటు, కొత్త గౌను, గుడిలో అర్చన, ఇంట్లో సేమ్యా పాయసం. ఆ రోజు బడికి యూనిఫాం లేకుండా కలర్ డ్రెస్‌లో పోవచ్చు. స్టీలు డబ్బా నిండా మహా లాక్టో చాక్లెట్లు. న్యూట్రిన్ కంపెనీ మా ఊళ్ళోదే కాబట్టి అవి మా సొంతం అన్నట్టుండేది. క్లాసులో తలా ఒకటి, టీచర్లకు రెండేసి. డబ్బా పట్టుకుని పక్క క్లాసులకు పోయేటప్పుడు ఒక ఫ్రెండ్‌ని తోడు తీసుకుపోవచ్చు. ఆ తోడు ఎవరన్నది వారం ముందే తేలిపోవాలి, లేకుంటే అలకలు.

పోయిన నెల ఇలాంటి హాల్‌లోనే ఒక పార్టీకి వెళ్ళాం. పిల్లలు అన్నీ వడ్డించుకున్నారు, ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప ఏదీ పూర్తిగా తిన్నది లేదు. చేతులు కడిగే చోట పెట్టిన డబ్బాలో కేకు ముక్కలు, నూడుల్స్ గుట్టలు పడి ఉన్నాయి. చూసి ప్రాణం ఉసూరుమంది.

ఇప్పటి పిల్లలు ఇంటి వంట తింటారా? ఏం పెడితే తింటారు? నాకు శుక్రవారం దాకా ఆఫీసు ఉంటుంది, పార్టీ శనివారం సాయంత్రం. ముందుగా చేసి పెట్టుకోగలిగేవి చెప్పండి.

గిరింపేట పెద్దమ్మ

బిడ్డకి నా ఆశీస్సులు తల్లీ. నేను చిత్తూరులో ఇంటి దగ్గరే పిండివంటలు చేసి ఇస్తా ఉంటాను. సీమంతాలకి, పుట్టినరోజులకి, అమెరికా పొయ్యే పిల్లల మూటలకి. అందుకని చెప్పగలను, తింటారు. ప్లేటు, స్పూను లేకుండా చేత్తో పట్టుకుని ఆడుకుంటా తినేటట్టు ఉండాల, కారం తగ్గించాల, అంతే. పిల్లోళ్ళు పార్టీకి వచ్చేది ఆడుకోను. కూర్చోబెట్టి పదిహేను రకాలు పెడితే ఒక్కటీ మిగలకుండా తింటారా ఎవురైనా?

పదిహేను వద్దు, నాలుగు చెయ్యి. అత్తిరసాలు, నిప్పట్లు (చెక్కలు అంటారే, అవే), చిత్రాన్నం, పితికిపప్పు. కేకు కూడా ఉండనీ, బిడ్డకి అది ముచ్చట. కేజీ చాలు. మీ అత్తగారి కోసం పొద్దున ఇంట్లో పాయసం కాచి, దేవుడి ముందర దీపం పెట్టి, బిడ్డకి హారతి ఇయ్యి.

సంక్రాంతికి ఎట్లా అత్తిరసాల పాకం పడతారు కదా (కోస్తా వాళ్ళు అరిసెలు అంటారు, అవే). ఆ పిండిలోనే రెండు ముద్దలు ఎక్కువ కలిపి ఎత్తిపెట్టుకో. కేజీ బియ్యానికి ముప్పావు కేజీ బెల్లం. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, నీడలో గుడ్డ మీద పరిచి, తడి ఉండంగానే పట్టించాల. తడి ఆరిపోతే అత్తిరసం గట్టిపడతాది. పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టాల, వేలితో ఒత్తితే అణగాల. అప్పుడు దించి పిండి పోసి కలుపు, ఇంత నెయ్యి, గుప్పెడు నువ్వులు. పిల్లోళ్ళకి అరచేతంత వద్దు, పూరీ బిళ్ళలో సగం సైజు తట్టు. కాలినాక రెండు చిల్లుల గరిటెల మధ్య ఒత్తి నూనె తీసెయ్యి. బెల్లం మాత్రం తెల్లగా మెరిసేది కొనొద్దు, రంగు రాను హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉంటారు. ముదురు రంగు బెల్లం చూసి కొను, అత్తిరసం రంగు కూడా దాంతోనే బాగుంటాది.

నిప్పట్లు రూపాయి బిళ్ళంత చెయ్యి. బియ్యప్పిండి, పుట్నాల పొడి, నువ్వులు, కరివేపాకు, కాగిన నూనె రెండు గరిటెలు. శెనక్కాయలు కచ్చాపచ్చాగా దంచి వెయ్యి. పండగ ముందర చేసి డబ్బాలో పెడితే పార్టీ దాకా కరకరలాడతాయి.

చిత్రాన్నం ఆ రోజు సాయంత్రమే కలుపు. 25 మంది పిల్లోళ్ళకి కేజీన్నర బియ్యం చాలు, పెద్దోళ్ళకి ఇంకో కేజీన్నర. పసుపు, నిమ్మకాయ, పోపు. పిల్లోళ్ళ భాగంలో పచ్చిమిరపకాయ ముక్కలు చెయ్యొద్దు, నిలువుగా చీల్చి వేసి కలిపేటప్పుడు తీసెయ్యి.

ఇంక పితికిపప్పు. నీ బిడ్డ అదృష్టం, పుట్టింది అనపకాయల కాలంలో (చిక్కుడు జాతి కాయలు, సొరకాయ కాదు). గింజలు ఒలిచి రాత్రి నీళ్ళలో పొయ్యి. పొద్దుటికి ఉబ్బి ఉంటాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కితే తోలు చేతిలో మిగులుతాది, పచ్చగా పప్పు ఎగిరి గిన్నెలో పడతాది. కొన్ని గిన్నె దాటి గోడకి తగులుతాయి, పిల్లోళ్ళు ఆ ఆటకే పడి చస్తారు. మా ఇంట్లో మనవడూ మనవరాలూ ఎవురిది దూరం పోతాదని పందెం వేసుకుంటా రెండు సేర్లు పితికేస్తారు. శనివారం పొద్దున అపార్ట్‌మెంట్ పిల్లోళ్ళని నలుగురిని పిలిచి చాప మీద కూర్చోబెట్టు, గంటలో అయిపోతాది. తరువాత గుడ్డ మీద బాగా ఆరబెట్టి నూనెలో వేయించు. తడి ఉంటే చిట్లి మొహాన పడతాది, అది మటుకు పెద్దోళ్ళే చెయ్యాల. ఉప్పు, రవ్వంత కారం, వేయించిన కరివేపాకు. చిన్న పేపర్ కప్పుల్లో పోసి చేతికియ్యి. పొద్దున తాము పితికిన పప్పు సాయంత్రం కప్పులో వస్తే ఏ బిడ్డా పారెయ్యదు.

ఒకటి గుర్తుంచుకో, ఐదేళ్ళ లోపు పసివాళ్ళు వస్తే వేయించిన పప్పూ, గట్టి శెనక్కాయలూ వాళ్ళ చేతికి ఇయ్యొద్దు, గొంతులో అడ్డం పడతాయి. వాళ్ళకి చిత్రాన్నం, అరటిపండు చాలు.

కొర్లగుంట నాన్న

హాల్‌కే పోతామంటే పోండి అక్కా, కానీ ఆ లిస్టులోంచి కొన్ని కొట్టేయించండి.

పొగ బిస్కెట్లు అసలు వద్దు. ఆ పొగ ద్రవ నైట్రోజన్‌ది, మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే పదార్థం. పూర్తిగా ఆవిరి కాకముందే పిల్లలు నోట్లో వేసుకుంటే నోరు, గొంతు, కడుపు దాకా దెబ్బతింటాయి. 2024లో ఇవి తిని ఒక పిల్లాడు విలవిల్లాడిన వీడియో కర్ణాటక నుంచి వచ్చింది, ఆ తరువాత తమిళనాడు అధికారులు హోటళ్ళను హెచ్చరించారు.

పీచుమిఠాయి కూడా అంతే. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు రంగు పీచుమిఠాయిని నిషేధించింది, రోడమిన్-బి దొరికిందని. అది బట్టలకి వేసే రంగు. మరుసటి నెలలో కర్ణాటక రంగు పీచుమిఠాయితో పాటు గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు కూడా వద్దంది. మనకి రెండు రాష్ట్రాలూ పక్కనే. తెల్ల పీచుమిఠాయి అడగండి, మంచూరియా రంగు వేయకుండా చేయమనండి.

ఇంకో విషయం. కొవ్వొత్తులు వెలుగుతుండగా స్నో స్ప్రే కొట్టనివ్వకండి. ఆ డబ్బాలో మండే గ్యాస్ ఉంటుంది, పాప జుట్టు, గౌను అక్కడే ఉంటాయి. నేను ఏ పార్టీకి వెళ్ళినా ముందు ఆ డబ్బాలు తీసి పక్కన పెట్టిస్తాను.

తిరుచానూరు ఉద్యోగిని

నా మాట వేరే. పెద్దమ్మ చెప్పినవన్నీ నాకూ ఇష్టమే. కానీ శుక్రవారం దాకా ఆఫీసు చేసి, శనివారం 40 మందికి వండి, గిన్నెలు తోమి, ఆ తరువాత ఫోటోలో నవ్వమంటే ఎవరి వల్ల అవుతుంది? మగవాళ్ళు బెలూన్లు ఊది పని అయిపోయిందంటారు. హాల్ తీసుకోండి, మెనూ మీరు రాసివ్వండి. ఇడ్లీ, చిన్న వడలు, పులిహోర చేసే వంటవాళ్ళు తిరుపతిలో కొదవా? మీరు మాత్రం పాప పక్కన ఉండండి. మా అమ్మ నా పుట్టినరోజులన్నీ వంటింట్లోనే గడిపింది, ఒక్క ఫోటోలోనూ లేదు. నాకు ఇప్పటికీ ఆ బాధ ఉంది.

గిరింపేట పెద్దమ్మ

నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం తల్లీ. అందుకే నాలుగే చెప్పినా, అందులో రెండు పండగ ముందరే అయిపోతాయి. చిత్రాన్నానికి అన్నం వార్చేది, నిమ్మకాయలు పిండేది ఆయన చెయ్యనీ. గిన్నెలకి మనిషిని పెట్టుకోండి, హాల్ బాడుగలో అది ఎంత? అమ్మ ఫోటోలో ఉండాల్సిందే.

బైరాగిపట్టెడ అమ్మ

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ మా ఆయనకి చదివి వినిపించాను. ఆ నైట్రోజన్ సంగతి వినగానే ప్యాకేజీ వద్దన్నారు. అపార్ట్‌మెంట్ మేడ మీద చేద్దామనుకుంటున్నాం. అన్నం, నిమ్మకాయలు ఆయన పని, గిన్నెలకి మనిషిని మాట్లాడాను. అత్తకి అనపకాయల సంగతి చెప్తే పాకాల సంతలో తానే తెస్తానన్నారు, గొంతులోనే తెలిసిపోయింది ఎంత సంతోషమో. స్కూల్లో పంచడానికి మాత్రం చాక్లెట్లే, పాప ఈపాటికే తోడు ఎవరో తేల్చేసింది.

పెద్దమ్మా, నిప్పట్లు నా వల్ల కాదు. మీ దగ్గరే రెండు కేజీలు తీసుకుంటాను. ఎప్పటిలోగా చెప్పాలి?

గిరింపేట పెద్దమ్మ

భోగికి పది రోజుల ముందర చెప్పు, పండగ వారంలో ఇంక ఎవురివీ ఒప్పుకోను. ఒక కేజీ పిల్లోళ్ళకి కారం లేకుండా, ఒక కేజీ పెద్దోళ్ళకి మామూలుగా చేసి వేరే వేరే డబ్బాల్లో పంపిస్తాను. మీ అత్తగారిని అనపకాయలు ముదురువి ఏరుకోమను, లేతవి పితికితే చిదిగిపోతాయి.