ఫిష్‌బోన్ డయాగ్రామ్‌తో నిజంగా కారణం దొరుకుతుందా, ఆడిటర్‌కి చూపించడానికేనా?

బ్లిస్టర్_లైన్: ఫార్మా ప్యాకింగ్‌లో పదకొండేళ్లుగా ఉన్నా. ఏ డీవియేషన్ (పద్ధతి తప్పిన పని) వచ్చినా క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్లు కారణాలు వెతకడానికని చేప ముళ్ల బొమ్మ గీయమంటారు, మ్యాన్ మెషిన్ మెటీరియల్ మెథడ్ మెజర్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ అని ఆరు ముళ్లు, ఎన్ని గీసినా చివరికి తేలేది మ్యాన్ దగ్గరే. ఆపరేటర్ అజాగ్రత్త, రీట్రైనింగ్, సంతకం, క్లోజ్. మూడు నెలలకి మళ్లీ అదే ప్రాబ్లం. తీర్పు ముందే రాసేసి తర్వాత గీసే బొమ్మ ఇది, కాదంటారా?

పాత_సూపర్‌వైజర్: బాబూ, తప్పు బొమ్మది కాదు, పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడు. ఈ బొమ్మ తెచ్చిన ఇషికావా గారి దేశం జపాన్‌లో 1962 తర్వాత క్వాలిటీ సర్కిల్స్‌తో (పనివాళ్లే కూచుని సమస్యలు తేల్చుకునే చిన్న గుంపులు) అది కార్మికుల చేతికొచ్చింది. మన దేశంలో ఆ సర్కిల్స్ 1980లో మొదలైంది మన హైదరాబాద్ దగ్గరి రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే. నేను పనిచేసిన షాపులో (అది వేరే కంపెనీలే) లేత్ మీద ఉండేవాళ్లే చార్టు మీద గీసేవాళ్లు, ఇంజనీరు పక్కన కూచుని వినేవాడు. మీ దగ్గర క్యూఏ ఏసీ రూములో గీస్తే అందులో ఏముంటుంది?

చెక్‌షీట్: ఎవరు గీసినా అది అనుమానాల లిస్టే కదండీ, రుజువు కాదు. షిఫ్ట్ వారీగా, గంట వారీగా గీతలు పెట్టుకుంటూ లెక్కేస్తేనే ఏ ముల్లు నిజమో తెలిసేది. లెక్క లేకపోతే మీటింగులో గొంతు పెద్దదున్నోడి మాటే రూట్ కాజ్.

బ్లిస్టర్_లైన్: మొన్న అదే చేశాం. లీక్ టెస్ట్‌లో మాత్రల స్ట్రిప్పుల్ని మిథిలీన్ బ్లూ నీళ్లలో ముంచి వాక్యూమ్ పెడతాం కదా, కొన్ని పాకెట్లలోకి నీలం దిగుతోంది, విప్పితే మాత్ర అంచు సిరా అంటినట్టు ఉంది. బొమ్మలో అందరూ ఫాయిల్ క్వాలిటీ అన్నారు. టైం రాసి చూస్తే ఫెయిలైనవి దాదాపు అన్నీ టీ బ్రేక్ అయ్యాక మెషిన్ మళ్లీ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాలవి, సీలింగ్ వేడి ఇంకా అందుకోదు. ఆ స్ట్రిప్పులు పక్కన పడేయాలి. ఆపరేటర్‌ని అడిగితే, పడేస్తే టార్గెట్ అందదు సార్ అన్నాడు, అంతే.

పటాన్‌చెరు_పోరడు: గట్లయితే చెప్పన్నా, ఆరు ముళ్లల్ల టార్గెట్ అనే ముల్లు యాడుంది? టార్గెట్ పెట్టిన సారే మీటింగుల కూసుంటే ఎవడు రాస్తడు?

పాత_సూపర్‌వైజర్: మెథడ్ కింద రాయొచ్చు, కాదంటే ఏడో ముల్లు గీసుకోండి. ఆరే ఉండాలని ఎవరూ శాసనం రాయలేదు.

బ్లిస్టర్_లైన్: రాశానండీ. మా హెడ్ అది కొట్టేసి ‘టైం మేనేజ్‌మెంట్’ అని మార్చి మ్యాన్ కింద పెట్టాడు. సోమవారం రీట్రైనింగ్ అంట.