పిల్లికి పిట్టల వీడియోలు పెడ్తున్నోళ్లు జర మీ అనుభవం చెప్పండి

హన్మకొండ_మూడో_అంతస్తు
మాది సుబేదారి దిక్కు అపార్ట్‌మెంట్. డాబా మీద నూకలు పోస్తే పిట్టలకన్న ముందు కోతులు దిగుతయి. అందుకే కిటికీలు ఎప్పుడూ బందే. మా పిల్లికి తోస్తలేదని టీవీల కార్నెల్ ల్యాబ్ (పిట్టల మీద పరిశోధన చేసే సంస్థ) వాళ్ల ఫీడర్ లైవ్ పెడ్తున్న. అమెరికాల ఇథాకా అనే ఊర్ల గింజల పళ్లెం ముందర కెమెరా పెట్టిన్రు. మనకు పొద్దుగూకే యాళ్లకు ఆడ తెల్లారుతది, అప్పుడే పిట్టలు దిగుతయి. పగటిపూట చూస్తే చీకటే, రికార్డింగులు పెట్టాలె. మా పిల్లి నాలుగు కాళ్లు దగ్గరికి ముడుచుకొని, దవడ టకటకలాడిస్తూ చూస్తది. ఇట్ల రోజూ పెట్టుడు మంచిదేనా?

మానేరు_ఒడ్డు
మా దగ్గర రెండున్నయి, ఆడపిల్లి ఒక్కటే చూస్తది. ఆ వీడియోల ఎర్రటి కార్డినల్ పిట్ట వచ్చి కూసున్నా పట్టించుకోదు, నీలం రంగు బ్లూ జే పిట్ట రెక్క విదిలిస్తే మాత్రం లేచి నిలబడ్తది. పిల్లులకు నీలం, పసుపు తెలిసినట్టు ఎరుపు తెల్వదు. రంగుకన్న వాటికి కదలికే ముఖ్యం. ఇంకోటి, సౌండ్ బాగా తగ్గించండి. మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతది, పిల్లి చెవి 60 వేలు దాటి వింటది. మనకు వినీ వినపడనట్టు ఉన్నా దానికి చాలు.

కాజీపేట_జంక్షన్
ఊర్ల మా అమ్మోళ్ల ఇంట్ల పాత డబ్బా టీవీ ఉండె, అక్కడి పిల్లి దాని దిక్కే చూడకపోయేది. మా ఎల్ఈడీ ముందర మాత్రం కదలదు. ఆ పాత టీవీ బొమ్మ సెకనుకు 50 సార్లు మిణుకుతది, ఆ మిణుకు పిల్లి కంటికి మనకన్న ఎక్కువ తెలుస్తది. టీవీని గోడకు గట్టిగ బిగించండి అన్నా, స్టాండ్ మీదుంటే ఒక్క దుంకుకు కిందికొస్తది.

ఖని_సింగరేణి_కాలనీ
అందరూ వీడియో గురించే చెప్తున్నరు, అది అయిపోయినంక ఏం చేస్తున్నరో ఎవరూ చెప్తలేరు. నా బాధ అక్కడే. పిల్లికి వేటంటే పొంచి చూసుడు, ఉరుకుడు, పట్టుకొనుడు, కొరుకుడు, తినుడు. టీవీ మొదటి ముక్క ఇచ్చి మిగతాది గుంజుకుంటది. మా మగపిల్లి స్క్రీన్ బంద్ కాంగనే తోక కొట్టుకుంట తిరిగి, అడ్డమొచ్చిన చిన్నపిల్లి మీద పడేది. డాక్టర్‌ను అడిగితే వీడియో మానెయ్యమనలే. బంద్ చేసేముందు ఈకలు కట్టిన కర్రతోటి ఆడిచ్చి, దాన్ని పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెట్టమన్నడు. ఇప్పుడు ఆడుతది, తింటది, ఒళ్లంత నాక్కుంటది, పంటది. చిన్నదాని జోలికి పోతలేదు. లేజర్ లైట్ తోటి మాత్రం ఆడియ్యకండి, అందుల కూడ చేతికి దొరికేది ఏమీ ఉండదు.

ములుగు_రోడ్డు_వరికంకులు
ఖని అన్న చెప్పింది నిజం. నేను ఇంకో సంగతి చెప్త. మా వాడకట్టుకు కోతుల బాధ లేదు. వరండాల వడ్ల కంకుల కుచ్చు కట్టిన, పిచ్చుకలు గుంపుగ వస్తయి. పిల్లిని బయటికి ఇడువను. పిట్టలను మనమే పిలిచి పిల్లి నోటికి అందిచ్చుడు పాపం. కిటికీకి ఇనుప జాలీ ఉంది, లోపలి గట్టు మీద కూసొని చూస్తది. పక్కన స్టాండ్‌కు ఫోన్ పెట్టి పొద్దుగాల రికార్డ్ చేసిన. పిచ్చుకలు, గోరింకలు, పికిలిపిట్టలు, ఒక ఉడుత. అమెరికా పిట్టలకన్న వీటి అరుపుకే మా పిల్లి చెవులు ముందు తిరుగుతయి. రోజూ ఇనే గొంతులు గదా.

హన్మకొండ_మూడో_అంతస్తు
అక్కా, ఆ రికార్డింగ్ నాక్కావాలె. యూట్యూబ్‌ల నడుమ యాడ్ వచ్చి ఒక్కసారి మోగంగనే మాది సోఫా కిందికి ఉరుకుతది. పెన్‌డ్రైవ్‌ల ఉంటే ఆ లొల్లి ఉండదు. ఖని అన్న చెప్పినట్టు ఈకల కర్ర ఇయ్యాల్నే చేస్త.

ములుగు_రోడ్డు_వరికంకులు
ఆదివారం పొద్దుగాల పబ్లిక్ గార్డెన్‌కు వస్త తమ్మీ, అక్కడ ఇస్త. పెన్‌డ్రైవ్ పెద్దది తెచ్చుకో, ఫైల్ బరువున్నది.