టూల్‌బార్ బటన్ పనిచేయని వేళ: డిజేబుల్ చేయాలా, దాచాలా, నొక్కనివ్వాలా?

రాత్రిబైట్

మా టీమ్‌లో మూడు రోజులుగా ఇదే గొడవ. ఈ ఫోరమ్‌లోనైనా తేలుతుందేమోనని పెడుతున్నా. మాది మైక్రోస్కోప్ ఫొటోల మీద కొలతలు తీసే ప్రోగ్రామ్, క్యూటీ అనే టూల్‌కిట్‌లో రాశాం. టూల్‌బార్‌లో 14 బటన్లు ఉన్నాయి. ఫొటో తెరవనంతవరకు వాటిలో తొమ్మిదింటికి పనే ఉండదు: క్రాప్, కొలత, ఎక్స్‌పోర్ట్ వగైరా.

ఆ తొమ్మిదింటినీ డిజేబుల్ చేసి (నొక్కినా పనిచేయకుండా ఆపి) మసకగా చూపించాలని ఒకాయన అంటాడు. పనికిరానిది కళ్ల ముందు ఎందుకు, దాచెయ్యమని ఇంకొకాయన. నా వాదన వేరు. అన్నీ వెలుగుతూనే ఉండాలి, నొక్కితే "ముందు ఫొటో తెరవండి" అని చెప్పాలి. ఇప్పటికి డిజేబుల్ పద్ధతే నడుస్తోంది. వాడేవాళ్ల నుంచి వారానికో మెయిల్ వస్తోంది, అన్నిట్లోనూ ఒకటే మాట: "సేవ్ బటన్ చచ్చిపోయింది." అది చూశాకే నా అభిప్రాయం గట్టిపడింది. మీరేమంటారు?

పాత డెల్ఫీ

డిజేబుల్. ఇంకో మాట లేదు.

రోజూ టూల్‌బార్ వాడేవాళ్లు బొమ్మ చూసి నొక్కరండీ, చోటు గుర్తుపెట్టుకుని నొక్కుతారు. ఎడమ నుంచి నాలుగోది క్రాప్ అని చేతికి తెలుసు. మీరు మూడోదాన్ని దాచారనుకోండి, క్రాప్ మూడో చోటికి జరుగుతుంది, చెయ్యి పోయి దాని పక్కదాని మీద పడుతుంది. ఆ పక్కది డిలీట్ అయితే ఇక చెప్పక్కర్లేదు. ఆఫీస్ 2000లో మైక్రోసాఫ్ట్ అంతగా వాడని మెనూ ఐటమ్‌లను తనంతట తానే దాచేసేది. నిన్న ఉన్నది ఇవాళ ఎటు పోయిందో వెతుక్కోవడమే ఒక పని అయ్యేది. 2007లో మెనూల బదులు ట్యాబ్‌ల పట్టీ, అదే రిబ్బన్, వచ్చాక వర్డ్, ఎక్సెల్‌లో ఆ వ్యవహారం ముగిసింది. మసకబార్చడమైతే 1984 నాటి మ్యాకింటాష్ మెనూల్లోనే ఉంది, ఇన్నేళ్లుగా జనానికి అలవాటైన భాష అది.

ఇంకో సంగతి. అసలు మీరు ఎనేబుల్ ప్రాపర్టీని బటన్ మీద పెడుతున్నారా, యాక్షన్ మీద (బటన్, మెనూ రెండిటి వెనకా ఉండే కమాండ్ మీద) పెడుతున్నారా? 1998లో డెల్ఫీ 4 అనే ప్రోగ్రామింగ్ టూల్‌తో యాక్షన్ లిస్ట్ వచ్చింది. క్యాప్షన్, ఐకాన్ నంబరు, షార్ట్‌కట్, హింట్, ఎనేబుల్ అన్నీ యాక్షన్‌కే ఇచ్చేవాళ్లం. మెనూ ఐటమ్, టూల్‌బార్ బటన్ రెండూ దానికే తగిలించి ఉండేవి. క్యూటీలో క్యూయాక్షన్, జావా స్వింగ్‌లో యాక్షన్ ఇదే వరస. బటన్‌ని పట్టుకుని విడిగా మసకబారిస్తే మెనూలో అదే కమాండ్ వెలుగుతూ ఉంటుంది. అప్పుడు వాడేవాడు మిమ్మల్ని తిట్టినా తప్పు లేదు.

మూడోకన్ను

పాత డెల్ఫీ గారూ, చేతి అలవాటు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఎందుకు మసకబారిందో ఆ బటన్ చెప్పదు కదా? అసలు బాధ అక్కడే.

నా చూపు అంతంతమాత్రం. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకు 4.5:1, ఐకాన్ల వంటివాటికి 3:1 కాంట్రాస్ట్ ఉండాలి. పనిచేయని స్థితిలో ఉన్న బటన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు చూసుకుని డిజైనర్లు మసకబార్చిందే మసకబార్చడం. 16 పిక్సెళ్ల ఐకాన్‌ని అలా వెలిసిపోయేలా చేస్తే అది కత్తెరో, కీటకమో నాకు తెలియదు.

మౌస్ ఆనిస్తే వచ్చే టూల్‌టిప్ ఉందిగా అంటారేమో. మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూపీఎఫ్ టూల్‌కిట్‌లో డిజేబుల్ అయిన బటన్ మీద టూల్‌టిప్ మామూలుగా రానే రాదు, "షో ఆన్ డిజేబుల్డ్" అని విడిగా ట్రూ చేయాలి. వెబ్‌లో బటన్‌కి డిజేబుల్డ్ పెడితే కీబోర్డు ఫోకస్ (కీలు నొక్కితే ఎక్కడికి చేరతాయో ఆ చోటు) దాన్ని దాటుకుని పోతుంది. తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ట్యాబ్ కొట్టుకుంటూ వెళ్లేవాడికి ఆ బటన్ ఉందనే తెలియదు. అంటే మీరు డిజేబుల్ చేశాననుకున్నారు, వాడికి దాచేశారు. టూల్‌బార్‌లో డిజేబుల్ అయినవాటిక్కూడా ఫోకస్ అందేలా ఉంచవచ్చని వెబ్ యాక్సెసిబిలిటీ కోసం రాసిన ఆరియా మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఎంతమంది పాటిస్తున్నారు?

పొదుపరి

దాచేవాళ్ల తరఫున ఎవరూ మాట్లాడేలా లేరు, నేనే మాట్లాడతా.

"ఇప్పుడు పనిచేయదు", "నీకు ఎప్పటికీ పనిచేయదు" రెండూ ఒకటి కాదు. ఫొటో తెరవకపోవడం మొదటి రకం, అక్కడ డిజేబుల్ సరే. కానీ అడ్మిన్ అనుమతి లేని మనిషికి "యూజర్లను తొలగించు" బటన్‌ని ఏడాది పొడవునా మసకగా చూపించడం దేనికి? ఏం చేస్తే అది వెలుగుతుందా అని అతను తంటాలు పడాలా? రెండో రకాన్ని మొదట్లోనే దాచెయ్యండి, లాగిన్ నుంచి లాగౌట్ దాకా మళ్లీ కదపకండి. పాత డెల్ఫీ గారి చేతి అలవాటుకి కూడా భంగం ఉండదు.

రాత్రిబైట్ గారూ, క్యూటీ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. టూల్‌బార్‌లో యాడ్‌విడ్జెట్ అనే ఫంక్షన్‌తో పెట్టిన విడ్జెట్‌ని (బాక్సు లాంటి దేనినైనా) దాచాలంటే ఆ విడ్జెట్ మీద హైడ్ పిలిస్తే లాభం లేదు. యాడ్‌విడ్జెట్ తిరిగిచ్చే క్యూయాక్షన్ మీదే సెట్‌విజిబుల్ పిలవాలి. డాక్యుమెంటేషన్‌లో ఉంది, నేను మాత్రం ఒక పూట పోగొట్టుకున్నాకే చదివాను.

కామాపురుషుడు

మూడు పక్షాలూ వచ్చేశాయి. ఇక బటన్ మీద బొమ్మ ఉండాలా, అక్షరాలుండాలా అని ఎవరైనా మొదలుపెడితే సంక్రాంతి దాకా నడుస్తుంది.

పుష్‌టూల్ మేస్త్రి

ఇంకో స్థితిని మీరంతా వదిలేశారు: నొక్కాక, పని నడుస్తున్నప్పుడు బటన్ ఎలా ఉండాలి?

నేను లెక్కల ప్రోగ్రామింగ్ భాష మాట్‌ల్యాబ్ మనిషిని. అక్కడ టూల్‌బార్ బటన్‌ని పుష్‌టూల్ అంటారు. ఐకాన్ కోసం సీడేటా, పక్కన గీత కోసం సెపరేటర్, ఆపైన టూల్‌టిప్, ఎనేబుల్, నొక్కితే నడిచే క్లిక్‌డ్ కాల్‌బ్యాక్, చూడటానికి ఐదు ముక్కలే. సీడేటాలో పారదర్శకంగా ఉండాల్సిన పిక్సెళ్లకు నాన్ (సంఖ్య కాదు అనే) విలువ ఇవ్వాలన్నది తెలియక ఐకాన్ వెనక నల్లటి చతురస్రం పెట్టుకుని తిరిగేవాళ్లని చూశాను. సరే, అది వేరే కథ.

ఎవరూ ముట్టుకోని ప్రాపర్టీ బిజీ యాక్షన్, ఒక పని నడుస్తుండగా మళ్లీ నొక్కితే ఏం చేయాలో చెప్పేది. మామూలుగా అది "క్యూ"లో ఉంటుంది. మా ప్రోగ్రామ్‌లో ఫిల్టర్ బటన్ నొక్కితే దాదాపు 40 సెకన్లు పట్టేది. ఏమీ కదలడం లేదని మనిషి ఇంకో నాలుగుసార్లు నొక్కాడు. నాలుగూ వరసలో నిలబడి, మొదటిది అయ్యాక ఒకదాని వెనక ఒకటి నడిచాయి. ఒకే ఫొటో మీద ఐదుసార్లు ఫిల్టర్! ఫొటో పాలమీగడలా తయారైంది.

సరేనని కాల్‌బ్యాక్ మొదట్లో ఎనేబుల్ ఆఫ్, చివర్లో ఆన్ అని రాశాను. మొదటి తప్పు: ఆఫ్ చేశాక తెరను వెంటనే మళ్లీ గీయించే డ్రానౌ వేయలేదు. తెర మీద మసకబారేసరికి పనే అయిపోయేది. రెండోది ఇంకా ఘోరం. మధ్యలో ఎర్రర్ వస్తే చివరి లైను దాకా రాదు కదా, బటన్ శాశ్వతంగా మసకలోనే ఉండిపోయేది. ప్రోగ్రామ్ మూసి తెరవడం తప్ప దారి లేదు. ఆన్‌క్లీనప్ ఆబ్జెక్ట్‌లో "మళ్లీ ఆన్ చెయ్యి" అని పెట్టాక గానీ టెన్షన్ తీరలేదు. ఫంక్షన్ ఎలా ముగిసినా అది నడుస్తుంది.

కాబట్టి "సేవ్ చచ్చిపోయింది" అని మెయిల్ వస్తే డిజేబుల్ మంచిదా చెడ్డదా అని వాదించే ముందు, ఆఫ్ చేసిన చేయి మళ్లీ ఆన్ చేస్తోందా లేదా చూడండి.

రాత్రిబైట్

మేస్త్రి గారూ, మా సేవ్ బటన్‌కి పొడుగాటి పనేమీ లేదు. మార్పు జరిగితే వెలుగుతుంది, సేవ్ అయ్యాక మసకబారుతుంది, అంతే. కోడ్ చూశాను, ఎక్కడా ఇరుక్కోవడం లేదు. అందుకే నా మాట మీదే ఉన్నా: వెలుగుతూ ఉంచండి, నొక్కితే చెప్పండి.

పాత డెల్ఫీ

నొక్కాక చెప్పడమంటే ప్రతిసారీ ఒక మెసేజ్ బాక్స్. తొమ్మిది బటన్లకు తొమ్మిది బాక్సులు. రెండో రోజు నుంచి ఎవరూ చదవరు, ఓకే కొట్టి పారేస్తారు. వెలుగుతున్న బటన్ అంటే "నేను పనిచేస్తాను" అని మాటివ్వడం. మాటిచ్చి, నొక్కాక లేదనడం మర్యాదేనా?

ఫోకస్ తప్పినవాడు

ఆగండాగండి. రాత్రిబైట్ గారూ, "మార్పు జరిగింది" అని మీ ప్రోగ్రామ్‌కి ఎవరు చెబుతున్నారు? ఏ సిగ్నల్ (క్యూటీ పంపే కబురు) మీద జెండా ఎత్తుతున్నారు?

రాత్రిబైట్

కొలత పేరు, నోట్స్ రాసే లైన్ ఎడిట్ బాక్సులు ఉన్నాయి. వాటి ఎడిటింగ్ ఫినిష్డ్ సిగ్నల్ మీద.

ఫోకస్ తప్పినవాడు

దొరికింది దొంగ.

ఎడిటింగ్ ఫినిష్డ్ ఎప్పుడొస్తుంది? ఎంటర్ కొడితే వస్తుంది, లేదా ఫోకస్ ఆ బాక్సు నుంచి బయటకు వెళ్తే వస్తుంది. మీ యూజర్ పేరు టైపు చేశాడు, కర్సర్ ఇంకా బాక్సులోనే మినుకుమినుకుమంటోంది. సేవ్ వైపు చూశాడు, మసకగా ఉంది. నొక్కాడు, ఏమీ కాలేదు. టూల్‌బార్ బటన్‌ని మౌస్‌తో నొక్కినా ఫోకస్ దాని మీదకు రాదు. రాకూడదనే అలా పెట్టారు, లేకపోతే బోల్డ్ నొక్కిన ప్రతిసారీ టైపు చేస్తున్న చోటు పోతుంది. అంటే అతను టూల్‌బార్ మొత్తం నొక్కుకుంటూ పోయినా ఆ సిగ్నల్ రాదు. అతని లెక్కలో బటన్ చచ్చిపోయింది, మీ లెక్కలో మార్పే జరగలేదు.

మీ కోరిక ప్రకారం సేవ్‌ని వెలిగించి ఉంచారే అనుకుందాం. అప్పుడు నొక్కితే "సేవ్ చేయడానికి ఏమీ లేదు" అంటుంది. ఇంకా దారుణంగా, పాత పేరునే సేవ్ చేసి "అయిపోయింది" అంటుంది. అలాంటప్పుడు మసకగా ఉండటమే నయం కదా!

మైక్రోసాఫ్ట్ వారి విన్‌ఫామ్స్‌లో నాకు ఇదే జరిగింది. అక్కడి టూల్‌బార్ అయిన టూల్‌స్ట్రిప్ బటన్ ఫోకస్ తీసుకోదు, బాక్సులోని మాట డేటా దాకా చేరదు. విజువల్ స్టూడియో డిజైనర్ తనంతట రాసిచ్చే సేవ్ కోడ్‌లో మొదటి లైను వాలిడేట్, రెండోది ఎండ్ఎడిట్ (బాక్సులోని మాటను డేటాకి చేర్చేవి) ఎందుకుంటాయో అప్పటిదాకా ఆలోచించలేదు. అనవసరమనుకుని తీసేశాను కూడా. ఒక క్లయింటు దగ్గర ప్రతి రికార్డులో చివరగా దిద్దిన గడి ఒక్కటే సేవ్ కావడం లేదని తేలింది. ఆ వారం నా ముఖం చూడాలి మీరు.

లైన్ ఎడిట్‌కి టెక్స్ట్ ఎడిటెడ్ అనే సిగ్నల్ ఉంది. ప్రతి అక్షరానికీ వస్తుంది. కోడ్ నుంచి సెట్‌టెక్స్ట్ పిలిస్తే రాదు, మనిషి మారిస్తేనే వస్తుంది. జెండా దాని మీద ఎత్తండి.

మూడోకన్ను

బగ్ దొరికింది, సంతోషం. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆ మసక బటన్ మీద "మార్పులేమీ లేవు" అని రాసి ఉంటే, ఆ యూజర్ "చచ్చిపోయింది" అని రాసేవాడు కాదు, "మార్చాను కదా, లేవంటుందేంటి" అని రాసేవాడు. మీకు ఒక్క మెయిల్‌తో తెలిసిపోయేది.

రాత్రిబైట్

ఇంతకుముందే మార్చి చూశాను. ఫోకస్ తప్పినవాడు గారు చెప్పినట్టే ఉంది, అచ్చంగా అదే. నా వాదనకి ఆధారమైన మెయిళ్లన్నీ ఒకే బగ్ గురించి అని తేలింది. కొంచెం సిగ్గుగా ఉంది.

మూడోకన్ను గారి మాట పట్టుకుని ఇంకోటి చేశాను. ప్రతి యాక్షన్‌కీ ఒక ఫంక్షన్ రాశాను, పేరు "ఎందుకు కాదు". అది ఒక వాక్యం తిరిగిస్తుంది. వాక్యం ఖాళీగా వస్తే ఎనేబుల్. ఖాళీ కాకపోతే డిజేబుల్, ఆ వాక్యమే టూల్‌టిప్. బటన్‌ని ఆన్, ఆఫ్ చేసే సెట్‌ఎనేబుల్డ్ అనే మాట కోడ్ మొత్తంలో ఇప్పుడు ఒక్కచోటే ఉంది, ఇదివరకు 31 చోట్ల ఉండేది. కారణం రాయకుండా మసకబార్చడం ఇప్పుడు మాలో ఎవరికీ కుదరదు. రాసేటప్పుడే రెండు బటన్లకు కారణం తోచలేదు. చూస్తే వాటిని డిజేబుల్ చేయాల్సిన పనే లేదు!

పొదుపరి

బాగుంది. క్యూటీలో డిజేబుల్ అయిన బటన్ మీద కూడా టూల్‌టిప్ వస్తుంది, డబ్ల్యూపీఎఫ్ బాధ లేదు. మెనూలో మాత్రం ఊరికే రాదు, క్యూమెనూకి సెట్‌టూల్‌టిప్స్‌విజిబుల్ ట్రూ చేయండి. టచ్‌స్క్రీన్ మీద వాడేవాళ్లుంటే టూల్‌టిప్‌ని నమ్ముకోవద్దు, మౌస్ ఆనించే పనే ఉండదు అక్కడ.

రాత్రిబైట్

టచ్ వాడేవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లకోసం అదే వాక్యాన్ని కింద స్టేటస్ బార్‌లో చూపించాలని చూస్తున్నా, కానీ మసక బటన్‌కి నొక్కుడే అందదు కాబట్టి ఎప్పుడు చూపించాలో తేలలేదు. అన్‌డూ దగ్గర కూడా మాకింకా పడటం లేదు. "వెనక్కి తీసుకోవడానికి ఏమీ లేదు" అని రాయడం మరీ చాదస్తంగా ఉందంటున్నారు మావాళ్లు.

పాత డెల్ఫీ

అన్‌డూకి ఆ వాక్యం వద్దు. వెలిగినప్పుడు ఏది వెనక్కి పోతుందో రాయండి: "క్రాప్‌ని రద్దు చేయి", "పేరు మార్పుని రద్దు చేయి". మసకబారినప్పుడు ఉత్త "రద్దు చేయి" చాలు. టచ్ సంగతి మూడోకన్ను గారినే అడగండి, ఆ విషయంలో నేను ఓడిపోయాను.