వెన్నుపూస టీబీకి చిన్న కోత ఆపరేషన్ కావాలా, మాత్రలు చాలవా?

దేవరకొండ_తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా అక్కకు 27 ఏళ్లు. ఏడు నెలల నుంచి నడుం నొప్పి. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, తర్వాత బెల్టు. కింద చెంచా పడితే నడుం వంచేది కాదు, మోకాళ్లు మడిచి మెల్లగా కూర్చుని తీసేది. లేచేటప్పుడు రెండు చేతులూ తొడల మీద ఆనించుకుని లేచేది. అది చూసి భయమేసి ఎమ్మారై తీయించాం. నడుములో రెండో, మూడో పూసల మధ్య డిస్క్ తినేసి ఉంది, కుడి పక్క సోయాస్ కండరంలో (నడుం పూసల పక్క నుంచి తొడ దాకా పోయే కండరం) చీముగడ్డ. సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందని కూడా వచ్చింది. ఐదు వారాలుగా ప్రభుత్వం ఇచ్చే మాత్రలు వేసుకుంటోంది. కాళ్లలో బలం బాగుంది, మూత్రం ఇబ్బంది లేదు. సర్కారు దవాఖాన డాక్టరు ఇవే మాత్రలు కొనసాగించమన్నారు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మాత్రం చిన్న కోతలతో చీము తీసి నాలుగు స్క్రూలు వేస్తాం, నాలుగో రోజు ఇంటికి పోవచ్చు, 2.8 లక్షలు అన్నారు. ఏం చేయాలో తోచట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కృష్ణాతీరం:
తమ్ముడూ, చేయించు. మా బాపుకు 2009లో ఇదే రోగం, కాకపోతే వీపు పూసల్లో. అప్పుడు చిన్న కోత సంగతి మాకెవరూ చెప్పలేదు. పక్క నుంచి ఛాతీ తెరిచి, కుళ్లిన ఎముక తీసి, పక్కటెముక ముక్క కోసి పూసల మధ్య పెట్టారు. ఆ కుట్ల బాధకు ఆయన మూడు నెలలు ఎడమ పక్కకు తిరిగి పడుకోలేదు. దగ్గొస్తే దిండు ఛాతీకి అదిమిపెట్టుకునేవాడు. ఇప్పుడు సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ వేలెడంత కోతల్లోంచి స్క్రూలు వేస్తున్నారు. కండరాన్ని ఎముక నుంచి ఒలవక్కర్లేదు, రక్తం తక్కువ పోతుంది. అంత సౌకర్యం ఉన్నప్పుడు ఆడపిల్లను ఏడాదిపాటు నొప్పితో ఎందుకు ఉంచాలి?

పాలమూరు_పెద్దోడు:
చేయించొద్దు. కాళ్లలో బలం ఉందని నువ్వే రాశావు. టీబీని చంపేది మాత్ర, కత్తి కాదు. 1975లోనే బనారస్‌లో డాక్టర్ ఎస్.ఎం. తులి మధ్యేమార్గం అని చెప్పారు: అందరికీ ముందు మాత్రలు, వాటికి లొంగనివాళ్లకే కోత. మద్రాసులో కొందరికి మాత్రలు ఒక్కటే ఇచ్చి, కొందరికి మాత్రలతో పాటు పెద్ద ఆపరేషన్ చేసి పదేళ్లు గమనించారు. మాత్రలవాళ్లు ఏమాత్రం వెనకబడలేదు. కోత చిన్నదైనా స్క్రూ స్క్రూనే. 27 ఏళ్ల పిల్ల నడుములో ఇనుము ఎందుకు?

మర్రిగూడ_నీళ్లు:
ముందు ఫ్లోరైడ్ పరీక్ష చేయించారా? మా వైపు నడుం పట్టేసిందంటే నూటికి తొంభై నీళ్ల వల్లే.

కృష్ణాతీరం:
ఇనుము కాదన్నా, టైటానియం. పైగా మీరు చెప్పిన మద్రాసు పరిశోధనలో నడవలేనంతగా కాళ్లు పడిపోయినవాళ్లను చేర్చుకోలేదు. అది అందరికీ వర్తించదు.

పాలమూరు_పెద్దోడు:
వీళ్ల అక్క నడుస్తోంది కదా. సరిగ్గా అలాంటివాళ్ల మీదే ఆ పరిశోధన చేశారు. నీ మాట నాకే సాయం చేస్తోంది.

ఎక్స్‌రే_సారు:
నేను రేడియాలజీలో టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాదు. మీరిద్దరూ రెండు వేర్వేరు పనులను ఒకటిగా కలిపేస్తున్నారు. చీము తీయడం వేరు, స్క్రూలు వేయడం వేరు. సోయాస్ చీముకు కత్తే అక్కర్లేదు. సీటీలో చూస్తూ సూది పెట్టి, దాని వెంట కొస చుట్టుకుని ఉండే సన్నటి గొట్టం దింపుతారు. తోలు మత్తు చాలు. బయట సంచిలోకి కారుతుంది. మొన్న ఒక పెద్దాయనకు మొదటి రోజే సంచి సగం నిండింది, విరిగిన పాలలా పసుపుపచ్చగా తరకలు తరకలుగా ఉంది. మరీ చిక్కగా ఉంటే గొట్టం మూసుకుపోతుంది, సెలైన్‌తో కడుగుతూ ఉండాలి. స్క్రూలు పూస కదలకుండా నిలబెట్టడానికి. పూస బాగా కూలినా, గూని పెరుగుతున్నా, వెన్నుపాము నలుగుతున్నా వాటి అవసరం వస్తుంది. అప్పుడు కూడా అందరికీ చిన్న కోత సరిపోదు, కొందరికి తెరిచే చేయాలి. తమ్ముడూ, చీముగడ్డ ఎన్ని సెంటీమీటర్లు? పూస ఎత్తు తగ్గిందని రిపోర్టులో రాశారా?

దేవరకొండ_తమ్ముడు:
గడ్డ 4 సెంటీమీటర్లు సార్. పూసలు "స్వల్పంగా" అరిగాయి అని ఉంది. గూని లేదు.

మర్రిగూడ_నీళ్లు:
బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్ల అయితే ఫ్లోరోసిస్ ఉండకుండా పోదు. మా అన్న మెడ తిరగదు, ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. డాక్టర్లు దాన్ని పట్టించుకోరు.

ఎక్స్‌రే_సారు:
అన్నా, మీ బాధ నాకు తెలుసు, మీ మండలం ఎక్స్‌రేలు ఎన్నో చూశాను. ఫ్లోరైడ్‌కు ఎముక గట్టిపడి తెల్లగా కనపడుతుంది, ఎముకలను పట్టి ఉంచే పట్టీలు సున్నంలా బిగుస్తాయి. టీబీ డిస్క్‌ని, ఎముకని తినేస్తుంది, చీము పడుతుంది. ఇక్కడ ముక్క పరీక్షలో టీబీ వచ్చింది. మన జిల్లాలో నడుం నొప్పి అనగానే నీళ్ల మీదికి తోసేయడం వల్లే ఇలాంటి పిల్లలకు ఆరేడు నెలలు వృథా అవుతున్నాయి.

కృష్ణాతీరం:
4 సెంటీమీటర్లంటే కనీసం ఆ చీమన్నా తీయించాలి. పెద్దోడన్న అన్నింటికీ వద్దంటాడు. అన్నా, మీకు ఆపరేషన్ అంటేనే పడదా?

పాలమూరు_పెద్దోడు:
పడదు. ఎందుకో చెప్తా. మా తమ్ముడికి పుణెలో పని చేసేచోటే ఈ రోగం బయటపడింది. అక్కడే చిన్న కోతలతో చేశారు, ఆరు స్క్రూలు. రెండెకరాల చెలక అమ్మాం. పదో రోజుకు వాడు నిలబడి నడిచాడు. ఇంట్లో అందరం పండగ చేసుకున్నాం. నాలుగో నెలలో మాత్రలు ఆపేశాడు. ఏడాది తిరిగేసరికి చీము మళ్లీ వచ్చింది, ఈసారి కాళ్లు పడిపోయాయి. ఇప్పుడు అరుగు మీద కూర్చోబెడితే కూర్చుంటాడు.

కృష్ణాతీరం:
చాలా బాధగా ఉంది అన్నా. కానీ తప్పు ఆపరేషన్‌ది కాదు, మాత్రలు ఆపడం. మన దేశ మార్గదర్శకాల్లో వెన్నుపూస టీబీకి 12 నెలలని, అవసరమైతే 18 నెలలని ఉంది. నాలుగో నెలలో ఆపితే కత్తి పెట్టినా పెట్టకపోయినా అంతే.

పాలమూరు_పెద్దోడు:
తప్పు మా తమ్ముడిదా? మేస్త్రీ పని చేసేవాడికి "ఆపరేషన్ సక్సెస్" అని చెప్పి పంపితే రోగం పోయిందనే అనుకుంటాడు. అమ్మ అనుకుంది. నేనూ అనుకున్నా. నడుం నిలబడింది కదా, ఇంకా మాత్రలు ఎందుకు, కడుపులో మంట అన్నాడు, సరే మానెయ్ అన్నది నేనే! అర్థమైందా? కోత ఎంత చిన్నది, రక్తం ఎంత పోయింది అని నీతో వాదించడానికి రాలేదు నేను. ఆపరేషన్ అయిందంటే ఇల్లంతా రోగం అయిపోయిందనుకుంటుంది. నాకు దాని భయం.

(రెండు గంటలు ఎవరూ రాయలేదు.)

కృష్ణాతీరం:
అన్నా, క్షమించు. ఆ మాట అలా అనకుండా ఉండాల్సింది.

ఆశా_అక్క:
నేను నల్లగొండ దగ్గర ఆశా వర్కర్‌ని. తమ్ముడూ, ఒక్కటడుగుతా, నిజం చెప్పు. సర్కారు డాక్టరు మాత్రలు చాలంటున్నారు, కాళ్లు బాగున్నాయి, డబ్బు లేదు. అయినా మీ ఇంట్లో ఆపరేషన్ వైపు ఎందుకు మొగ్గుతున్నారు? అక్క మాత్రలు ఎక్కడ ఉండి వేసుకుంటోంది?

దేవరకొండ_తమ్ముడు:
మా ఇంట్లోనే అక్కా. అత్తగారింట్లో డిస్క్ జారిందని చెప్పాం. బావ ముంబైలో డ్రైవర్, ఆయనకూ టీబీ అని తెలియదు. దసరాకు పంపించమంటున్నారు. అక్కడికి పోతే మాత్రలు ఎక్కడ పెట్టుకోవాలి? ఇక్కడే చీరల మడతల్లో దాస్తోంది. మూత్రం నారింజరంగులో వస్తుంది కదా, అక్కడ బాత్‌రూమ్ ఆరుబయట, అత్త చూస్తే ఏమంటుందోనని ఏడుస్తోంది. ఆపరేషన్ అయితే నడుం ఆపరేషన్ అని చెప్పుకోవచ్చు, మాత్రలు దానికే అని చెప్పొచ్చు అని అమ్మ అంటోంది.

ఆశా_అక్క:
అనుకున్నా. 2.8 లక్షలు నడుముకు కాదు, ఆ పేరు దాచడానికి. నా చేతిలో ఇలాంటి కోడళ్లు ముగ్గురున్నారు. నేను ఇంటికి వస్తే వీధికి తెలుస్తుందని రావద్దంటారు, బస్టాండులో మాత్రలు ఇచ్చి వస్తాను. ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించారా?

దేవరకొండ_తమ్ముడు:
రెండూ చేయించాం. ఊపిరితిత్తులు బాగున్నాయి, కళ్లెలో లేదు.

ఆశా_అక్క:
అయితే ఆమె నుంచి ఇంట్లోవాళ్లకు అంటదు. పూసలో ఉన్న టీబీ దగ్గితే బయటికి రాదు. బావకు ఇదే మాట ముందు చెప్పండి, డాక్టరు చేత ఫోన్‌లో చెప్పించండి. టీబీ ఉన్నవాళ్లకు సర్కారు ఇచ్చే నెలకు 1000 రూపాయలు పోషణ డబ్బు కూడా ఆమె ఖాతాలో పడాలి, ఆ ఖాతా ఎవరి ఫోన్‌కు కలిపి ఉందో చూసుకోండి. మెసేజ్ అత్త ఫోన్‌కు పోయి అలా బయటపడ్డ ఇల్లు కూడా చూశాను.

కృష్ణాతీరం:
స్క్రూల మాట ఇక ఎత్తను. కానీ చీము విషయంలో నా మాట మారదు. గడ్డ తగ్గకపోతే గొట్టం పెట్టించండి, అది పెద్ద ఖర్చు కాదు.

పాలమూరు_పెద్దోడు:
గొట్టానికి నేను అడ్డు చెప్పను. మళ్లీ స్కాన్ తీశాక డాక్టరు చెప్తే పెట్టించు. కాళ్లు తిమ్మిరెక్కినా, నడకలో తేడా వచ్చినా, మూత్రం ఆగినా ఆ రాత్రే హైదరాబాద్ తీసుకెళ్లు. అప్పుడు ఆపరేషన్ వద్దని నేను కూడా అనను. కళ్లు పచ్చబడితే, వాంతులైతే అదే రోజు డాక్టరుకు చూపించండి, మాత్రల సంగతి ఆయన చెప్పినట్టు చేయండి. అయిపోయిన మాత్రల అట్టలు మాత్రం పారేయొద్దు, ఒక కవర్లో దాచు. ప్రతి ఆదివారం లెక్కపెట్టు. మా ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

దేవరకొండ_తమ్ముడు:
బావకు ఇప్పుడే ఫోన్ చేశాను. విషయం చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రిపోర్టు వాట్సాప్‌లో పంపమన్నాడు. పంపాను. రెండు నీలం గీతలు పడ్డాయి, ఇంకా జవాబు రాలేదు.