బోటనీ చదివి కోడింగ్ కూడా చేసేవాళ్ళు వైజాగ్‌లో ఎవరైనా ఉన్నారా?

చిట్టివలస_చిన్నది
ఎమ్మెస్సీ బోటనీ ఆఖరి సెమిస్టర్. ఇంటర్‌లో ఉండగా లాక్‌డౌన్ కాలక్షేపంగా మొదలెట్టిన పైథాన్ కోడింగ్ ఇప్పటికీ వదలబుద్ధి కావట్లేదు. మొన్న మా హెర్బేరియం (ఎండబెట్టి అతికించిన మొక్కల సేకరణ) షీట్ల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏ మొక్క ఏ నెలలో పూస్తుందో గ్రాఫ్ గీశాను. మేడమ్ చూసి "ఇదే పనిగా చేసేవాళ్ళున్నారమ్మా" అన్నారు గానీ ఎక్కడో చెప్పలేదు. నాన్నేమో "బ్యాంకు పరీక్షలు రాసుకో, మొక్కలు పెరట్లో ఉంటాయిగా" అంటున్నారు. ఈ రెండూ కలిపి బతుకుతున్నవాళ్ళుంటే నిజం చెప్పండి. జీతం సంగతి కూడా.

రుషికొండ_మాజీ
నేను ఎదురుదారిలో వచ్చాను. రుషికొండ మీద ఒక కంపెనీలో 9 ఏళ్ళు జావా రాసి, ఇప్పుడు శాటిలైట్ చిత్రాలతో పంటలు, అడవులు మ్యాప్ చేసే చిన్న బృందంలో చేరాను. జీతం మొదటి ఏడాది సగానికి పడింది. ఇప్పుడు పాతదానిలో ముప్పావు వంతు. మా ఆవిడ ఇంకా లెక్క కడుతూనే ఉంది.

మొదటి పని అరకు కాఫీ తోటల మ్యాప్. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 శాటిలైట్ చిత్రాలు ఉచితం, 10 మీటర్లకొక చుక్క, ఐదు రోజులకోసారి కొత్త చిత్రం. వారంలో తేల్చేస్తాననుకున్నాను. కోడ్ రెండు రోజుల్లో అయిపోయింది కూడా. తీరా చూస్తే కాఫీ ఉన్నచోట అడవి, అడవి ఉన్నచోట కాఫీ! ఎందుకో ఇక్కడ కూర్చుంటే అర్థం కాలేదు. అనంతగిరి దగ్గర ఒక తోటలోకి వెళ్ళి తలెత్తి చూస్తే తెలిసింది: పైనంతా సిల్వర్ ఓక్, దాని మొదలు చుట్టుకుని మిరియాల తీగ, ఆ నీడలో కాఫీ. శాటిలైట్‌కి కనిపించేది సిల్వర్ ఓక్ నెత్తి మాత్రమే. ఆ రైతు నవ్వి "కాఫీ ఆకాశానికి కనబడితే ఇంకేటుంది బాబూ, మాడిపోద్ది" అన్నాడు.

ఆ తర్వాత జీపీఎస్ పట్టుకుని ఒక్కో తోటా తిరిగి పాయింట్లు తెచ్చుకున్నాం. వానాకాలం మొత్తం మబ్బే, పనికొచ్చే చిత్రం దొరకదు. మబ్బుని దాటి చూసేది సెంటినెల్-1 రాడార్. కానీ కొండ వాలుల్లో దానికీ ఒక పక్క కుంచించుకుపోతుంది, ఒక పక్క నీడ పడుతుంది. ఇప్పటికీ ఆ మ్యాప్ నాకు పూర్తిగా నచ్చలేదు.

ఆరేళ్ళ_ఫెలో
జీతం గురించి ఎవరూ సూటిగా చెప్పరు కాబట్టి నేను చెప్తా. నెట్ పరీక్ష పాసై జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, ఇంటద్దె వేరు. నెట్ లేకుండా ప్రాజెక్టులో చేరితే అంతకంటే తక్కువ, ప్రాజెక్టు ముగిస్తే మీరూ ముగిసినట్టే. నేను పనిచేసిన చోట (పేరు వద్దు) ఒకసారి ఐదు నెలల డబ్బు ఒకేసారి పడింది. ఆ రోజు పండగే. అంతకుముందు ఐదు నెలలూ రూమ్మేట్ పెట్టిన అన్నమే.

లైఫ్ సైన్సెస్ నెట్ ఎలాగూ రాస్తారు. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్‌కి విడిగా పేపరుంది, అదీ చూడండి. మా బ్యాచ్‌లో సగం మందికి ఆ పేపరొకటి ఉందనే తెలీదు.

చోడి_అంబలి
మొక్కలు, కంప్యూటర్ అనగానే అందరూ శాటిలైట్ ఎక్కేస్తారేంటండీ. మొక్క లోపల కూడా బోలెడంత పనుంది. నేను జీనోమ్ (మొక్క మొత్తం డీఎన్ఏ) డేటా వైపు.

వరి జీనోమ్ 2005లోనే పూర్తయింది, చిన్నది, 12 జతల క్రోమోజోములు. మన చోడి (రాగి) అలా కాదు. 36 క్రోమోజోములు, రెండు వేర్వేరు పూర్వీకుల నుంచి వచ్చిన రెండు సెట్లు ఒకే మొక్కలో. కవల అక్కచెల్లెళ్ళ ఫొటోలు రెండూ చింపి కలిపేసి, ముక్కలు విడదీసి అతికించమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గోధుమకైతే మూడు సెట్లు, అందుకే దాని పూర్తి జీనోమ్ 2018 దాకా రాలేదు. ఈ పనికి లినక్స్, ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష, స్టాటిస్టిక్స్ కావాలి. పైథాన్ ఉంది కాబట్టి మీకు సగం దారి అయినట్టే.

ఉద్యోగాలు? నిజం చెప్పాలంటే వైజాగ్‌లో తక్కువ. పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, విత్తనాల కంపెనీలు, అన్నీ హైదరాబాద్ చుట్టూనే. పెట్టె సర్దుకోవాల్సిందే.

సీతమ్మధార_వేప
నా పరువు నేనే తీసుకుంటున్నా. 2014 హుద్‌హుద్ తుఫానప్పుడు డిగ్రీలో ఉన్నాను. లాండ్‌శాట్-8 అనే అమెరికా శాటిలైట్ చిత్రాలు రెండు తీసుకుని, తుఫానుకి ముందొకటి, తర్వాతొకటి, వైజాగ్ కంబాలకొండ అడవి మీద పచ్చదనం సూచిక (ఎన్‌డీవీఐ) తేడా లెక్కేశాను. అది బాగా పడిపోయింది. "ఇన్ని హెక్టార్ల అడవి నాశనం" అని ప్రాజెక్టులో రాశాను, మార్కులు బాగానే వేశారు. మరుసటి ఏడాది అదే నెల చిత్రం తెరిస్తే చాలాచోట్ల పచ్చగా ఉంది. గాలి ఆకులు దూసేసిందే గానీ చెట్లు చావలేదు. రెండు చిత్రాలతో కథ చెప్పొద్దు, ఏళ్ళ తరబడి వరసగా చూడండి. లాండ్‌శాట్ పాత చిత్రాలన్నీ 2008 నుంచి ఉచితమే కదా.

అడవి_దారి
నాకు కోడింగ్ రాదు. చెట్టు పేర్లొచ్చు. చిగురొచ్చింది నిజమే గానీ ఆ పచ్చదనమంతా చెట్లదే అనుకోకండి. చెట్లు పడ్డచోట తీగలు కమ్మేశాయి. ఓ బాబు లాప్‌టాప్ పట్టుకొచ్చి "ఇక్కడ అడవి పెరిగింది సార్" అన్నాడు. పదమని తీసుకెళ్ళా. అంతా లాంటానా, కలుపు పొద. మేక కూడా దూరదు.

రుషికొండ_మాజీ
సార్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు. ఫారెస్ట్ సర్వే లెక్కలోనూ ఒక హెక్టారు పైన స్థలంలో 10 శాతం పైగా చెట్ల కప్పు ఉంటే అడవి కప్పే. తీరం వెంట సరుగుడు తోపైనా, జీడిమామిడి తోటైనా సరే. అంకె చూసి సంబరపడే ముందు ఏం లెక్కపెట్టారో చూడాలి.

చిట్టివలస_చిన్నది
అందరికీ థ్యాంక్స్ అండీ. ఇవాళ్టి నుంచి మొదలెట్టాలంటే ఏది?

ఆరేళ్ళ_ఫెలో
మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, దించుకోండి. డెహ్రాడూన్ ఐఐఆర్ఎస్ (రిమోట్ సెన్సింగ్ సంస్థ) వాళ్ళ ఆన్‌లైన్ కోర్సులు కూడా ఉచితమే. కానీ మీ దగ్గర హెర్బేరియం డేటా ఉంది, బంగారం అది. దాన్ని శుభ్రం చేయడమే నేర్చుకోండి. పాత షీట్ల మీద "వాల్తేరు" అని ఊరి పేరే ఉంటుంది, అక్షాంశం రేఖాంశం ఉండవు. ఉన్నచోట తారుమారవుతాయి. వైజాగ్ 17.7 ఉత్తరం, 83.3 తూర్పు. అటుదిటు చేస్తే మన వేపచెట్టు ఆర్కిటిక్ మంచులో తేలుతుంది. నేను కళ్ళారా చూశాను.

చోడి_అంబలి
ఇంకోటమ్మా. ఆ పూల గ్రాఫ్‌లో ఏ నెల ఎత్తుగా వచ్చింది?

చిట్టివలస_చిన్నది
డిసెంబరు. దాదాపు అన్ని మొక్కలకీ.

చోడి_అంబలి
మీ డిపార్ట్‌మెంట్ టూరు ఏ నెలలో?

చిట్టివలస_చిన్నది
...డిసెంబరు. ఇప్పుడే మళ్ళీ షీట్లు తిరగేశాను. జూలై, ఆగస్టు షీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అంటే నేను గీసింది పూల గ్రాఫ్ కాదు, మా బస్సు గ్రాఫ్. ప్లీజ్, మేడమ్‌కి ఎవరూ చెప్పకండి, సోమవారం నేనే చెప్తాను.

అడవి_దారి
వానల్లో రామ్మా, ఏవి పూస్తాయో చూపిస్తా. బూట్లేసుకురా, పాములుంటాయి.