నెల్లూరు, ఒంగోలు వైపు ఎంబీఏ: మార్కెటింగ్ తీసుకోవచ్చా? చదివినవాళ్లు చెప్పండి

ఆత్మకూరు బీకాం:
బీకాం అయిపోయింది, ఎంబీఏ ఎంట్రన్స్ ఐసెట్‌లో ర్యాంకు పర్వాలేదనే వచ్చింది. కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీకి ఆప్షన్ పెట్టాలా, ఒంగోలు ఆంధ్రకేసరి యూనివర్సిటీకి పెట్టాలా తేలడం లేదు. అంతకంటే పెద్ద గొడవ ఇంట్లో. మార్కెటింగ్ అంటే ఎండలో బ్యాగు తగిలించుకుని తిరగడమేనట, ఉద్యోగుల వ్యవహారాలు చూసే హెచ్‌ఆర్ తీసుకోమంటాడు నాన్న. నాకేమో మాట్లాడటం ఇష్టం, లెక్కలు అంతంతమాత్రం. అన్నలూ, అక్కలూ, మీ సంగతులు చెప్పండి.

కావలి పెద్దబ్బాయి:
తమ్ముడూ, ఆ గొడవ ఇప్పుడే ఎందుకు? మొదటి ఏడాది అందరికీ దాదాపు అవే పేపర్లు: అకౌంటింగ్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, ఆర్గనైజేషనల్ బిహేవియర్. స్పెషలైజేషన్ సంగతి మామూలుగా రెండో ఏడాదిలో వస్తుంది. డెబిట్, క్రెడిట్ దగ్గర బీఎస్సీ వాళ్లు జుట్టు పీక్కుంటుంటే బీకాం వాడివి నువ్వు హాయిగా ఉంటావు. కానీ లెక్కలు తప్పించుకుందామని మార్కెటింగ్‌లోకి రావద్దు. మార్కెటింగ్ రీసెర్చ్‌లో శాంప్లింగ్, కై స్క్వేర్ టెస్టు నీకోసం కాచుకుని ఉంటాయి.
సింహపురి 2008లో వచ్చింది. ఆంధ్రకేసరి 2022లో ఏర్పడింది కానీ కొత్తదేం కాదు, అంతకుముందు నాగార్జున యూనివర్సిటీ వాళ్ల ఒంగోలు క్యాంపస్ అది. ఆత్మకూరు నుంచి చూస్తే నీకు కాకుటూరే నయం. రోజూ వచ్చిపోవాలని మాత్రం అనుకోకు, హాస్టల్ చూసుకో.

పొదిలి రైతుబిడ్డ:
నాది మార్కెటింగే. ఏ యూనివర్సిటీ అన్నదాని కంటే ప్రాజెక్టు దేని మీద చేస్తావన్నది ఎక్కువ అక్కరకొస్తుందని నా అభిప్రాయం. చాలామంది జిరాక్స్ షాపులో పాత రిపోర్టు తెచ్చి, బైక్ షోరూం పేరు మార్చి బైండింగ్ చేయిస్తారు. మా బ్యాచ్‌లో ఒకడు వందమంది కస్టమర్లను అడిగానని ఫారాలు పెట్టాడు. వైవాకు, అదే ప్రాజెక్టు మీద నోటి పరీక్షకు, వచ్చిన మేడం నాలుగు కాగితాలు తిరగేసి, "అందరి దగ్గరా ఒకటే పెన్ను ఉందా నాయనా?" అంది. ఇంకేం మాట్లాడతాడు!
నేను పొగాకు వేలం మీద చేశా. మా ఇంట్లో పంటే కాబట్టి పరిచయాలు ఉన్నాయి. పుస్తకంలో నాలుగు పీలు చెబుతారు కదా, ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. వేలం కేంద్రంలో నిలబడి చూస్తే రైతు చేతిలో ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ప్లేసు పొగాకు బోర్డుది. ప్రైసు, వరుసగా పేర్చిన బేళ్ల, అదే పొగాకు కట్టల, పక్కన నడుచుకుంటూ పోయే కంపెనీల బయ్యర్లది. ప్రమోషన్ అయితే 2003 చట్టంతో పొగాకు ఉత్పత్తుల ప్రకటనలే నిషేధం, కంపెనీలకే దిక్కులేదు. రైతుకు మిగిలింది ప్రొడక్ట్ ఒక్కటి, అంటే గ్రేడింగ్. అందుకే మా అమ్మవాళ్లు ఆకు రంగు చూసి వేరుచేస్తూ రోజులకు రోజులు కూర్చుంటారు. అంత చేసినా బయ్యర్ ఆకు లాగి చూసి నోబిడ్ (కొనను) అన్నాడంటే బేలు మళ్లీ ఇంటికే, ట్రాక్టర్ బాడుగ మనదే. వైవాలో ఇది చెబితే మేడం ప్రశ్నలు ఆపి వినింది.

ఇందుకూరుపేట రొయ్య:
పొదిలి అన్న చెప్పింది నిజం. మావైపు అయితే చెరువు గట్టు మీదే ప్రైసింగ్ నేర్చుకోవచ్చు. వలేసి కిలో తూకం పెట్టి రొయ్యలు లెక్కబెడతారు. అరవై తూగితే 60 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఇప్పుడే పట్టేయాలా, ఇంకొన్నాళ్లు మేత వేసి 50 కౌంట్‌కు తేవాలా? ఆగితే మేత ఖర్చు, పైగా తెల్లమచ్చ రోగం వస్తే మొత్తం పోతుంది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఒకే మార్కెట్టును నమ్ముకుంటే ఏమవుతుందో మా ఊళ్లో బడికెళ్లే పిల్లోడు కూడా చెప్పేవాడు. చీమకుర్తి గ్రానైట్, ఉదయగిరి చెక్క గరిటెలు, ప్రాజెక్టులకు కరువా మనకు?

టార్గెట్ బాధితుడు:
రొయ్యలు, పొగాకు బాగానే ఉన్నాయి గానీ క్యాంపస్‌కు వచ్చేదెవరో కూడా చెప్పండబ్బా. నన్ను తీసుకుంది ఓ ప్రైవేటు బ్యాంకు. ఆఫర్ లెటర్‌లో రిలేషన్‌షిప్ ఆఫీసర్ అని రాశారు, పనేమో రోజుకిన్ని ఖాతాలు తెరిపించడం, వచ్చినవాళ్లకు ఇన్సూరెన్సు అంటగట్టడం. నెలాఖరుకు మేనేజర్ ఫోన్ మోగితేనే టెన్షన్. తమ్ముడూ, మీ నాన్న అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇంటర్వ్యూలో సీటీసీ, అంటే ఏడాదికి కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు, చూసి మురిసిపోకు. అందులో ఫిక్స్‌డ్ ఎంత, ఇన్సెంటివ్ ఎంత అని విడిగా అడుగు. టార్గెట్ తప్పితే ఏం చేస్తారో, ఏ ఊళ్లో వేస్తారో కూడా.

కొండపి అక్క:
హెచ్‌ఆర్ తీసుకుంటే ఏసీ గదిలో కూర్చోబెడతారని ఎవరు చెప్పారు నాన్నగారికి? మా క్లాసులో హెచ్‌ఆర్ చదివిన అమ్మాయిలు కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీల్లో చేరి, పొద్దస్తమానం ఫోన్లు చేసి ఇన్ని జాయినింగులు తేవాలని అదే టార్గెట్‌తో కుస్తీ పడుతున్నారు.
తెలుగు మీడియంలో చదివి ఉంటే ఒక మాట. సెమినార్‌లో ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే నాకు కాళ్లు వణికేవి. స్లైడు మీద ఉన్నది చదవకుండా, ఒంగోలు ట్రంకు రోడ్డులో చీరల షాపు ఆషాఢం డిస్కౌంటు ఎందుకు పెడుతుందో చెప్పమన్నారు ఓసారి. తెలిసిన సంగతి కదా, తప్పో ఒప్పో ఇంగ్లిష్ దానంతటదే వచ్చింది.

ఆత్మకూరు బీకాం:
అందరికీ థాంక్స్. కాకుటూరు మొదటి ఆప్షన్ పెడుతున్నా. నాన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు. మా మామకు పొదలకూరులో నిమ్మకాయల వ్యాపారం ఉంది, ప్రాజెక్టుకు అది పనికొస్తుందా?

పొదిలి రైతుబిడ్డ:
బ్రహ్మాండంగా. మామ దగ్గర పాత చిట్టా పుస్తకాలుంటే పారేయొద్దని ఇప్పుడే చెప్పు. ఎండాకాలం రేటు, వానాకాలం రేటు పక్కపక్కన పెట్టావంటే సగం రిపోర్టు అయినట్టే.

కావలి పెద్దబ్బాయి:
ఆదాయ, కుల ధ్రువపత్రాలకు సచివాలయంలో ఇప్పుడే పెట్టుకో తమ్ముడూ. కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక పరిగెత్తితే అక్కడ క్యూ చూశావంటే దిమ్మ తిరుగుద్ది.