జాన్సన్ పద్యంలో ఆ నాలుగో మాట గ్యారెట్టా, పేట్రనా?

పాతపుస్తకం: పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు కవి, నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ పద్యంలో పండితుడి కష్టాలు వరసపెట్టే పాదం ఉంది కదండీ, చాకిరీ, అసూయ, లేమి, ఆ తర్వాత ఏదో ఒకటి, చివర్న జైలు. ఆ ఏదో ఒకటి గ్యారెట్ అనే నాకు గుర్తు, పైకప్పు కింది ఇరుకు గది. నిన్న ఒకచోట పేట్రన్, అంటే రచయితని డబ్బిచ్చి ఆదుకునే దొర, అని కనబడింది, అప్పట్నుంచీ తొలిచేస్తోంది. లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ మీద కోపంతో మార్చాడంటారు, నిజమేనా?

సీసమాలిక: రెండూ ఆయన పాఠాలేనండీ. 1749 అచ్చులో గ్యారెట్, 1755లో పేట్రన్. రెంటికీ రెండేసి సిలబుల్స్, ఊనిక మొదటిదాని మీదే, నడక చెక్కుచెదరలేదు. మధ్యలో జరిగిన కథ తెలిసిందే, 1747లో జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువు ప్రణాళికని చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకి రాసిస్తే పది పౌన్లు ముట్టాయి, తర్వాత ఏళ్ళ తరబడి పలకరింపు లేదు, తీరా పుస్తకం వచ్చేముందు 1754 చివర్లో పత్రికలో ఆ ప్రభువు రెండు పొగడ్త వ్యాసాలు. 1755 ఫిబ్రవరి 7 నాటి జాన్సన్ ఉత్తరం దానికి జవాబు.

గోదారిగట్టు: నీళ్ళలో కొట్టుకుంటున్నవాణ్ణి చూస్తూ ఊరుకుని గట్టెక్కాక సాయం అంటూ మీద పడేవాడే కదా పేట్రన్ అని అడిగిన ఉత్తరం. నన్ను అంతకంటే కదిలించేది ఇప్పుడు ఒంటరివాణ్ణి, ఈ మన్నన పంచుకునేవాళ్ళు లేరు అన్న ముక్క, భార్య 1752లోనే పోయింది మరి. అయితే పేట్రన్‌ని అందరూ పోషకుడు అంటారు, నేనొప్పుకోను, కృతిభర్త అనాలి.

సీసమాలిక: కృతిభర్త ఎలా కుదురుతుందండీ, అంకితం పుచ్చుకుంటేనే కృతిభర్త. నిఘంటువు ఆయనకి అంకితమే ఇవ్వలేదు. డబ్బు పెట్టింది లండన్ పుస్తక వ్యాపారులు, 1,500 గినీలు. పైగా జాన్సన్ తన నిఘంటువులో పేట్రన్‌కి ఇచ్చిన అర్థం చూడండి, అహంకారంతో ఆదుకుని ముఖస్తుతిని ప్రతిఫలంగా పొందే నీచుడు, సాధారణంగా! ఆ బరువు కృతిభర్తలో ఏదీ?

చాటువు: ఈ మాట రాగానే అందరూ పోతన దగ్గరికి పోతారు, జాన్సన్ పక్కన కూర్చోబెట్టాల్సింది శ్రీనాథుణ్ణి. కాశీఖండం అంకితం పుచ్చుకున్న వీరభద్రారెడ్డి పోయాక "కాశికా విశ్వేశు గలసె వీరారెడ్డి, రత్నాంబరంబు లే రాయడిచ్చు" అని ఏడ్చినట్టు చాటువు. చెస్టర్‌ఫీల్డ్ కోసం అలా ఏడ్చే కవి ఎవడున్నాడు?

గోదారిగట్టు: "గలిసె" కదండీ, నేను చిన్నప్పట్నుంచీ గలిసె అనే విన్నాను.

చాటువు: గలసె. గణానికీ యతికీ తేడా లేకపోయినా ఆ కాలపు రూపం అదే.

పాతపుస్తకం: చెస్టర్‌ఫీల్డ్‌ని మరీ అంత తీసెయ్యకండి. ప్రధాని వాల్పోల్ తెచ్చిన ఎక్సైజ్ పన్ను బిల్లుకి ఎదురు తిరిగి 1733లో కొలువు పోగొట్టుకున్నాడు. 1745లో ఐర్లండ్ ఏలడానికి వెళ్ళి మంచివాడనిపించుకున్నాడు. ఇంగ్లండ్ పంచాంగం మార్చిన బిల్లు తెచ్చింది ఆయనే, 1752 సెప్టెంబర్ 2 తర్వాత నేరుగా 14. ఖగోళం నాకూ తెలీదు, ప్రభువుల సభకీ తెలీదు, వాక్యాల తూగు మీదే నెగ్గానని కొడుక్కి రాసుకున్నాడు. మాట విలువ అంత తెలిసినవాడు కాబట్టే, తనని తిట్టిన జాన్సన్ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టుకుని వచ్చినవాళ్ళకి చూపించి ఎంత బాగా రాశాడో చూడండి అన్నాడని జాన్సన్ జీవితచరిత్ర రాసిన బాస్వెల్ చెప్పాడు. అది నాకు చాలా నచ్చుతుంది.

సీసమాలిక: నచ్చచ్చు, కానీ ఆ మార్పు వల్ల పద్యం నష్టపోయిందనే నేనంటాను. చాకిరీ, అసూయ, లేమి అన్నీ కంటికి కనబడనివి, గ్యారెట్ అనగానే గది కనిపించేది. పేట్రన్‌తో పగ తీరింది, చిత్రం పోయింది. జైలు మాత్రం నిజమైంది, 1756లో 5 పౌన్ల 18 షిల్లింగుల అప్పుకి పట్టుకుంటే నవలాకారుడు రిచర్డ్‌సన్‌కి రాసి డబ్బు తెప్పించుకున్నాడు.

గోదారిగట్టు: పద్యం నష్టపోలేదండీ, లేమిలోనే గది ఉంది, మళ్ళీ గ్యారెట్ ఎందుకు? పునరుక్తి తీసేశాడు. చెస్టర్‌ఫీల్డ్ లేకపోయినా ఎప్పటికైనా మార్చేవాడే.

చాటువు: అది తర్వాత చూద్దాం, ముందు "గలిసె" అని ఏ అచ్చులో ఉందో చెప్పండి.